కణాల పుట్టిల్లు వెతికిన కౌజు పిట్ట

తెలుగునాట కౌజు పిట్ట అనగానే గుర్తొచ్చేది వేపుడు. ఫారాల్లో పెంచి హోటళ్లకు అమ్మే ఆ బుల్లి పిట్ట చాలావరకు జపాన్ జాతిది. ఇదే పిట్ట గుడ్డు ఫ్రాన్సులో ఒక ప్రయోగశాల బల్ల మీదికెక్కి, ముఖంలోని ఎముకలు, పేగుల్లోని నాడులు, ఒంటికి రంగునిచ్చే కణాలు పిండంలో ఎక్కడ పుడతాయో, ఎటు నడుస్తాయో చెప్పింది. దాని చేత చెప్పించినావిడ నికోల్ లె దువారాన్.

ఆమె 1930లో ఫ్రాన్సు పడమటి తీరాన, బ్రిటనీ ప్రాంతంలోని లోరియాన్‌లో పుట్టారు. పారిస్‌లో చదువు ముగించి, కొన్నేళ్లు హైస్కూల్లో పాఠాలు చెప్పారు. పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలు. పరిశోధన వైపు వచ్చేసరికి ముప్పై దగ్గరపడుతోంది. పారిస్ శివారు నోజాన్ సుర్ మార్న్‌లో పిండశాస్త్రవేత్త ఎతియెన్ వోల్ఫ్ నడిపే సంస్థలో చేరి, కోడి పిండంలో కాలేయం ఎలా ఏర్పడుతుందన్న విషయం మీద 1964లో డాక్టరేట్ అందుకున్నారు. ఆ తర్వాత నాంత్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం. అంతవరకూ చూస్తే బుద్ధిగా పనిచేసుకుపోయే ఒక అధ్యాపకురాలి జీవితమే.

ఆ రోజుల్లో పిండశాస్త్రాన్ని వేధిస్తున్న చిక్కు ఒకటుంది. పిండంలో కణాలు పుట్టినచోటే ఉండిపోవు, గుంపులు గుంపులుగా వలసపోతాయి. వలస వచ్చిన కణానికీ, అక్కడే పుట్టిన కణానికీ పైకి తేడా కనిపించదు. రంగులు పూసి చూశారు. ఆ రంగు పక్క కణాలకూ అంటుకునేది. 1963లో అమెరికన్ శాస్త్రవేత్త జేమ్స్ వెస్టన్ రేడియోధార్మిక థైమిడీన్‌ను కణాల డీఎన్‌ఏలోకి ఎక్కించి కొంత దూరం వెంబడించగలిగారు. అయితే కణం రెండుగా చీలిన ప్రతిసారీ ఆ గుర్తు సగమైపోతుంది. మరి కొన్ని విభజనలు దాటితే జాడ దొరకదు.

లె దువారాన్ అప్పటికింకా కాలేయం గొడవలోనే ఉన్నారు. కోడి పిండపు కణజాలాన్ని, కౌజు పిట్ట కణజాలాన్ని కలిపి పెంచి, పలచటి పొరలుగా కోసి, డీఎన్‌ఏను ఎర్రగా చూపించే ఫోయిల్గెన్ రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టారు. కౌజు కణాల కేంద్రకంలో ఒక ముదురు ముద్ద కొట్టొచ్చినట్టు కనిపించింది. కోడి కణాల్లో అదే పదార్థం కేంద్రకమంతా చెల్లాచెదురుగా ఉంది. చూడటం వరకైతే రంగు, మైక్రోస్కోపు ఉన్నవాళ్లెవరైనా చూడగలరు. ఆమె గొప్పంతా దాన్ని గుర్తుగా వాడుకోవచ్చునని పోల్చుకోవడంలో ఉంది. రేవులో ఊరి బట్టలన్నీ కలిపి ఉతికినా, అంచున నల్లజీడితో పెట్టిన గుర్తును బట్టి రజకులు ఎవరివి వాళ్లకు చేర్చేవారు కదా, ఇదీ అలాంటిదే. పైగా ఈ గుర్తు ఒకరు పెట్టింది కాదు, కణం పుట్టుకతోనే తెచ్చుకున్నది. అందువల్ల అది ఎన్నిసార్లు చీలినా, పిల్ల కణాలన్నింటికీ దక్కుతుంది. ఈ సంగతిని ఆమె 1969లో ఫ్రెంచి భాషలో, పెద్దగా ప్రచారం లేని పత్రికలో అచ్చువేశారు.

పద్ధతికి ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు. రెండు రోజులు పొదిగిన కోడిగుడ్డు పెంకుకు చిన్న కిటికీ కోస్తారు. లోపల పిండం కొద్ది మిల్లీమీటర్లే. వెన్ను పొడవునా జంటలు జంటలుగా వరసకట్టిన దిమ్మెలను లెక్కపెట్టి, ఏ దిమ్మెల నడుమ కొయ్యాలో చూసుకుంటారు. సన్నటి సూదులతో, వెన్నుపాముగా మారబోయే అక్కడి నాడీ నాళపు ముక్క తీసేసి, అదే వయసు కౌజు పిండం నుంచి తెచ్చిన ముక్కను అతికిస్తారు. కిటికీకి టేపు వేసి, గుడ్డును మళ్లీ ఇంక్యుబేటర్‌లో పెడతారు. కావలసిందల్లా వణకని చెయ్యి. ఒంటి మీద తెల్లటి ఈకల మధ్య ముదురు రంగు కౌజు ఈకల పట్టీతో కోడిపిల్లలు గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చేవి.

ఆమె మొదట ఈ పద్ధతిని ఎక్కుపెట్టింది న్యూరల్ క్రెస్ట్ మీద. పిండం వీపున నాడీ నాళం మూసుకునేటప్పుడు దాని అంచుల దగ్గర లేచే కణాల సమూహం ఇది. 1868లో విల్హెల్మ్ హిస్ కోడి పిండంలో గుర్తించాడు. ఈ కణాలు అక్కడ ఎంతోసేపు నిలవవు. బయలుదేరి ఒంటినిండా చెదిరిపోతాయి. ఎక్కడికి పోయి ఏమవుతాయన్న దాని మీద నూరేళ్లుగా వాదులాట.

మరీ తీవ్రమైన వాదం తల ఎముకల గురించినది. ఎముక, మృదులాస్థి పిండపు మధ్య పొర నుంచే వస్తాయన్నది అప్పటి సిద్ధాంతం. 1893లోనే జూలియా ప్లాట్ అనే అమెరికన్ ఒక ఉభయచరాన్ని పరిశీలించి, తలలోని మృదులాస్థి బయటి పొర (క్రెస్ట్ పుట్టేదీ ఇక్కడే) కణాల నుంచి వస్తోందని రాసింది. పెద్దలు కొట్టిపారేశారు. ఆమెకు విశ్వవిద్యాలయంలో ఉద్యోగమూ దొరకలేదు. కాలిఫోర్నియాలోని పసిఫిక్ గ్రోవ్‌లో స్థిరపడి, 1931లో డెబ్బై దాటిన వయసులో ఆ ఊరికి మేయరైంది. ఆ తర్వాత ఉభయచరాల మీద పనిచేసినవాళ్లు కొందరు ఆమె మాటను బలపరిచారు. 1975లో లె దువారాన్, ఆమె సహచరురాలు క్రిస్తియాన్ లె లియెవ్ర్ పక్షుల్లో ముఖపు ఎముకలు, మృదులాస్థి నిండా కౌజు గుర్తున్న క్రెస్ట్ కణాలను చూపించాక అనుమానించడానికి పెద్దగా చోటు మిగల్లేదు.

పేగుల కథ వైద్యులకు ఇంకా దగ్గరిది. మరీ-ఎమే తెయ్యేతో కలిసి ఆమె 1973లో చేసిన పనిలో తేలింది ఇదీ: పేగు గోడలోని నాడీకణాలు ముఖ్యంగా మెడ దగ్గరి, 1 నుంచి 7వ దిమ్మెల ఎదుటి క్రెస్ట్ నుంచి వస్తాయి. 28వ దిమ్మెకు వెనక నుంచి వచ్చేవి పేగు చివరి భాగానికి మాత్రమే సాయపడతాయి. అంటే మెడ దగ్గర బయలుదేరిన కణాలు పేగు పొడవునా నడిచి చివరిదాకా చేరాలి. దారిలో ఆగిపోతే? సుమారు 5,000 మంది శిశువుల్లో ఒకరికి వచ్చే హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి అదే. పెద్దపేగు చివర నాడులుండవు, ఆ భాగం వదులు కాదు, పుట్టిన బిడ్డకు విరేచనం కాదు. పుట్టుకతో వచ్చే ఒక పేగు జబ్బుకు కారణాన్ని వీపు మీది కణాల నడకలో వెతకాలని పిల్లల సర్జన్లకు తెలిసింది ఇలాంటి ప్రయోగాల వల్లే.

అయితే ఆమె పనిలో అన్నిటికన్నా లోతైనది తావు మార్పిడి ప్రయోగం. మామూలుగా అడ్రినల్ గ్రంథి వైపు వెళ్లి అడ్రినలిన్ జాతి రసాయనాలు చేయవలసిన క్రెస్ట్ ముక్కను తీసి మెడ దగ్గర నాటారు. ఆ కణాలు మెడవాటి దారినే పేగులోకి వెళ్లి, అక్కడి నాడులలాగే ఎసిటైల్‌కోలిన్ తయారు చేశాయి. కణం తలరాత పుట్టిన చోటులోనే ఉండదని, నడిచిన దారీ చేరిన ఊరూ కూడా రాస్తాయని 1975లో తేలింది. కానీ స్వేచ్ఛకు హద్దుంది. మొండెం క్రెస్ట్‌ను తలలో నాటితే ముఖపు ఎముక కట్టలేకపోయింది.

ఇదే సూదులతో ఆమె బృందం రోగనిరోధక శాస్త్రంలోకీ వెళ్లింది. కోడి పిండానికి కౌజు రెక్క మొగ్గను అతికిస్తే, పిల్ల పుట్టాక దాన్ని పరాయిదిగా ఎంచి తిరస్కరిస్తుంది. రెక్కతోపాటు కౌజు థైమస్ గ్రంథి తొలి కణజాలాన్ని కూడా నాటితే సహించింది. 1987లో అచ్చయిన ఈ ఫలితం, తనవాళ్లెవరో పరాయివాళ్లెవరో శరీరం థైమస్‌లో నేర్చుకుంటుందన్న వాదానికి బలమైంది. మరుసటి ఏడు ఎవన్ బాలబన్, తెయ్యేలతో కలిసి చేసిన ప్రయోగం వింటే నవ్వొస్తుంది. కౌజు మెదడు భాగాలు నాటిన కోడిపిల్లలు కొన్ని కౌజు పిట్ట లయలో కూశాయి. పుట్టుకతో వచ్చే ప్రవర్తనను ఒక జాతి నుంచి మరో జాతికి కత్తితో తరలించవచ్చని చూపడం ఆషామాషీ కాదు.

బిరుదుల జాబితాకు ఎక్కువ చోటివ్వక్కర్లేదు. 1975 నుంచి పాతికేళ్లు నోజాన్ సంస్థకు డైరెక్టర్. 1986లో క్యోటో బహుమతి, ఫ్రాన్స్ సీఎన్‌ఆర్‌ఎస్ బంగారు పతకం. 1988లో కోలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆచార్య పదవి. 2001 నుంచి 2005 దాకా ఫ్రెంచి సైన్స్ అకాడమీకి శాశ్వత కార్యదర్శి. ఆమె ప్రభావం ఇంకెక్కడో ఉంది. ఆ పద్ధతిని చేతబట్టుకుని తమ ప్రశ్నలు అడిగినవాళ్లలో ఉంది. మార్గరెట్ కర్బీ 1983లో గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళాలను వేరుచేసే గోడకు క్రెస్ట్ కణాలు కావాలని చూపి, పుట్టుకతో వచ్చే గుండె లోపాల అధ్యయనానికి కొత్త దారి వేశారు. లె దువారాన్ సహచరురాలు ఫ్రాన్స్వాజ్ దియెతెర్లెన్ కౌజు పిండాన్ని కోడి పచ్చసొన సంచి మీద పెంచి, రక్త మూలకణాలు పిండంలోపలే పుడతాయని 1975లో నిరూపించారు. 2003లో రిచర్డ్ ష్నైడర్, జిల్ హెల్మ్స్ బాతుకూ కౌజుకూ ముక్కులు మార్చారు. బాతు క్రెస్ట్ పెట్టిన కౌజుకు బాతు ముక్కు, కౌజు క్రెస్ట్ పెట్టిన బాతుకు కురచ ముక్కు.

అంతా ఒప్పుకున్నారనీ కాదు. నడినెత్తి ఎముక క్రెస్ట్ నుంచి వస్తుందని ఆమె బృందం 1993లో అంటే, మరో పరిశోధకుడు డ్రూ నోడెన్ గీసిన పటాలు మధ్య పొర నుంచని చెప్పాయి. తర్వాత ఎలుకల్లో జన్యు గుర్తులతో చూస్తే నుదుటి ఎముక క్రెస్ట్‌ది, నడినెత్తి ఎముక మధ్య పొరది అని తేలింది.

కేంద్రకంలో ముద్ద వెతికే పనిని ఇప్పుడు మెరిసే ఆకుపచ్చ ప్రోటీన్ చాలావరకు తీసుకుంది. స్కాట్లండ్‌లోని రోస్లిన్ సంస్థలో ఒంటినిండా ఆ ప్రోటీన్ ఉండే కోళ్లను తయారు చేశారు. వాటి పిండాల నుంచి తీసిన ముక్కలను మామూలు కోడి పిండాల్లో నాటుతున్నారు. దానివల్ల కోడికి కౌజు అవసరం తగ్గింది. పెంకుకు కిటికీ, దిమ్మెల లెక్క, సన్నటి సూది, టేపు మాత్రం అవే.