కుర్చీ మారింది, ఎంచే చేతులు మారాయా?

2009 జనవరి 7న ఖాతాల్లో వేల కోట్ల మోసం జరిగిందని ఒప్పుకొని సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు రాజీనామా చేశారు. వెంటనే రామ్ మైనంపాటి తాత్కాలిక సీఈఓ అయ్యారు. కేంద్రం పాత బోర్డును తొలగించి దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్‌లను నియమించింది. కొత్త బోర్డు ఫిబ్రవరిలో ఏ.ఎస్. మూర్తిని సీఈఓ చేసింది. ఆయన సంస్థలోనే ఎదిగినవారు, క్లయింట్లకు తెలిసినవారు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా వేలంలో గెలిచింది, జూన్‌లో సీపీ గుర్నానీ వచ్చారు. ఆరు నెలలు తిరక్కముందే ముగ్గురు సీఈఓలు.

కంపెనీ కష్టాల్లో పడితే వారసుణ్ని ఎంచేది బోర్డు. తొందరలో అది తనకు తెలిసినవాళ్లలోనే వెతుకుతుంది. ఆ తెలిసినవాళ్లు ఎవరు? 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చిన అధ్యయనం వెయ్యి భారతీయ కంపెనీల బోర్డులను పరిశీలించింది. సభ్యుల్లో దాదాపు 93 శాతం అగ్రకులాల వారు. ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతం. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేదు కాబట్టి ఆ బల్ల దగ్గరికి మనవాళ్లు చేరే దారి పరిచయమే. ఆ పరిచయానికి కులం అడ్డు.

సీఈఓ మారాడన్న వార్త చదివినప్పుడల్లా ఒక ప్రశ్న అడగండి: ఎంచిన గదిలో ఎవరున్నారు?