ఫెరెట్ తుమ్మితే తేలిన నిజాలు
ఫ్లూ: అపోహలు – వాస్తవాలు

1933 ఆరంభంలో లండన్‌ను ఫ్లూ చుట్టేసింది. ఆ జబ్బు అంతు తేల్చాలని చూస్తున్న శాస్త్రవేత్త క్రిస్టఫర్ ఆండ్రూసే మంచం పట్టారు. సహచరుడు విల్సన్ స్మిత్ ఆయన పుక్కిలించి ఊసిన నీళ్లను పట్టుకెళ్లి, ముంగిసను పోలిన ఫెరెట్ల ముక్కుల్లో చుక్కలుగా వేశారు. కొద్ది రోజులకే అవి తుమ్మడం మొదలుపెట్టాయి. మనిషికి ఫ్లూ తెచ్చే వైరస్ అలా చేతికి చిక్కింది. తొంభై ఏళ్లు దాటినా మన ఇళ్లలో ఫ్లూ గురించి వినిపించేవి ఇంకా అంతకు ముందటి మాటలే.

అపోహ: వానలో తడిస్తే, చల్లగాలి తగిలితే జలుబో ఫ్లూనో పట్టుకుంటుంది.

వాస్తవం: ఈ సంగతిని ఆండ్రూస్ పరీక్షకే పెట్టారు. ఇంగ్లండ్‌లోని సాల్స్‌బరీలో 1946లో మొదలైన జలుబు పరిశోధన కేంద్రంలో వాలంటీర్లకు వేడినీళ్ల స్నానం చేయించి, తడి ఒంటితో గాలి కొట్టే వరండాలో అరగంట నిలబెట్టారు. ఆ తర్వాత తడి సాక్సులతోనే ఉంచారు. చలి ఒక్కదానివల్ల ఎవరికీ జలుబు రాలేదు. వచ్చింది ముక్కులో వైరస్ వేయించుకున్నవాళ్లకే. మన దగ్గర వానాకాలంలో ఫ్లూ పెరిగే మాట నిజమే కానీ, వైరస్ లేనిదే వాన ఒక్కటే ఫ్లూ తేలేదు. మరి ఎలా సోకుతుంది? స్మిత్ బృందంలో ఒక పరిశోధకుడి ముఖం మీద జబ్బుపడ్డ ఫెరెట్ తుమ్మింది. రెండు రోజులు తిరక్కుండానే ఆయనకు ఫ్లూ వచ్చింది. ఈ ఉదంతం 1936లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది.

అపోహ: ఫ్లూ అంటే కాస్త గట్టి జలుబు.

వాస్తవం: 'పడిశం పది రోగాల పెట్టు' అన్నారు పెద్దలు. నిజానికి పడిశం తెచ్చే వైరస్‌లే రెండు వందలకు పైగా ఉన్నాయి. ఫ్లూ వైరస్ దారి వేరు. పొద్దున బాగానే ఉన్న మనిషిని సాయంత్రానికి జ్వరం, ఒళ్లునొప్పులతో పడేస్తుంది. చాలామంది వారంలో కోలుకుంటారు. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, షుగర్, ఆస్తమా ఉన్నవాళ్లకు మాత్రం ముప్పు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఫ్లూ తెచ్చే శ్వాస సమస్యలతో ఏటా 2.9 లక్షల నుంచి 6.5 లక్షల మంది చనిపోతున్నారు.

అపోహ: మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకుంటే తగ్గిపోతుంది.

వాస్తవం: పొరపాటు పడింది మనమొక్కరమే కాదు. ఫ్లూకి కారణం ఒక బ్యాక్టీరియా అని 1892లో జర్మన్ శాస్త్రవేత్త రిచర్డ్ ఫైఫర్ ప్రకటిస్తే లోకం నమ్మింది. బ్యాక్టీరియా దూరలేని వడపోతలోంచి పంపిన ద్రవంతో కూడా ఫెరెట్లు జబ్బు పడటంతో ఆ వాదం వీగిపోయింది. ఫైఫర్ బ్యాక్టీరియాకు హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అన్న పేరు మాత్రం మిగిలింది. పసిపిల్లలకు 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్ టీకాలో 'హిబ్' అంటే అందులో ఒక రకమే. అది ఫ్లూ టీకా కాదు. ఫ్లూ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ఫ్లూతో పాటు బ్యాక్టీరియా న్యుమోనియా కూడా తోడైతే డాక్టరే రాస్తారు. వైరస్‌కు ఒసెల్టామివిర్ లాంటి మందులున్నాయి, అవీ మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి.

అపోహ: స్వైన్ ఫ్లూ పందుల దగ్గరికి వెళ్లేవాళ్లకే వస్తుంది.

వాస్తవం: 2009 మేలో దేశంలో తొలి కేసు బయటపడింది హైదరాబాద్‌లో, అమెరికా నుంచి విమానం దిగిన ప్రయాణికుడిలో. ఆ వైరస్ మూలాలు పందుల్లో ఉన్నా, పాకింది మనిషి నుంచి మనిషికే. ఇప్పుడది ఏటా వచ్చే మామూలు ఫ్లూ రకాల్లో ఒకటి.

అపోహ: టీకా వేయించుకుంటే ఫ్లూ వస్తుంది. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చాలు.

వాస్తవం: ఫ్లూ ఇంజెక్షన్‌లో బతికున్న వైరస్ ఉండదు. చెయ్యి నొప్పి, ఒకరోజు నలత మామూలే. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది, ఈలోగా వైరస్ సోకితే నింద టీకా మీద పడుతుంది. ఇక వైరస్ రూపం మార్చుకుంటూనే ఉంటుంది కాబట్టి ఏటా వేయించుకోవాలి. టీకాలో ఏ రకాలుండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ సెప్టెంబర్‌లోనూ చెబుతుంది. కొత్త రకం పాతదానికి ఎంత దూరం జరిగిందో తేల్చడానికి లేబొరేటరీల్లో ఇప్పటికీ వాడేది ఫెరెట్ల రక్తం నుంచి తీసిన సీరమే.