బొబ్బిలి : పదనిర్వచనము

విజయనగరము జిల్లాలోని బొబ్బిలి పేరు 'పెబ్బులి' నుండి పుట్టినదని తద్దేశమునఁ బ్రసిద్ధి. శ్రీకాకుళపు ఫౌజుదారు షేర్ మహమ్మదుఖానునొద్ద 1652 ప్రాంతమునఁ గొలువుచేసిన వెలమనాయకుఁడు పెదరాయుఁడు, ప్రభువు పేరిలోని 'షేర్' శబ్దమును దెనిఁగించి తన కోటకుఁ బెట్టెనని కథ. శ్రీకాకుళమున 1641 లో జామియా మసీదు కట్టించినవాఁ డీ ఖానే. కథ రమ్యమే, శబ్దశాస్త్రము దాని కొప్పుకొనునా యనునది వేఱు ప్రశ్న.

పెబ్బులి యనఁగాఁ బెద్దపులి. దీనిని 'పెను + పులి' యని విడఁదీయుట సులభమే గాని నిలువదు. పెన్నిధి, పెంజీకటి, పెనుగాలి మున్నగు సమాసములలో నకారమో బిందువో నిలిచియుండును. బకారద్విత్వమునకు వానిలోఁ దావు లేదు. పేరురము, పేరోలగము, పేరాస యనువానిలోఁ గానవచ్చు 'పేర్' శబ్దమే యిచట హ్రస్వమై పూర్వపదమైన దనుట యుక్తము. కన్నడపు హెబ్బులి, హెబ్బావు, హెబ్బాగిలు అను మాటలలోను నిట్టి రేఫమే పరహల్లులోఁ గలసి ద్విత్వమైనది.

ఇఁక పెబ్బులి బొబ్బిలి యగుట. ఆదిపకారము బకారమగుటకు 'బెబ్బులి' యను రూపమే సాక్షి. ఉకారము ఇకారమగుట తెలుఁగునకు సహజము: పగులు, పగిలి, మునుఁగు, మునిఁగి. ఇకారము పరమైనపుడు నడిమి యుకారము దానిఁ బోలును. చిక్కంతయు ఎకారము ఒకారమగుటయందే. అరవపు వాడుకలోఁ 'బెణ్' శబ్దము 'పొణ్ణు' అగును గాని, అచటఁ బరమందు మూర్ధన్య మున్నది; బొబ్బిలి యం దది లేదు. అయినను ముందు వెనుకల నోష్ఠ్యములే యుండుటచే నడిమి యచ్చు పెదవుల గుండ్రము నొందుట యసంభవము కాదు. నిర్వచనమున బలహీనమైన మెట్టిదే. దీనిని దాఁటవేయువారే పెక్కండ్రు.

కథకుఁ దిరిగి వచ్చినచో, పారసీకమున 'షేర్' అనఁగా సింహము, హిందూస్థానీలోఁ బులి. గ్రంథమెఱిఁగిన మున్షీ కల్పించిన కథయైనచో సింహమే యుండెడిది. కావున నిది దేశమున వాడుకభాష వినువారి నడుమఁ బుట్టినదే. అంతమాత్రమున నది పేరునకు ముందు పుట్టినదని తేలదు. పేరు విని కథ యల్లుట లోకమునఁ గ్రొత్త గాదు. కథ వీఁగినను సమాసము నిలువఁగలదు. రెంటిని ముడివెట్టి యొకదానిచే నొకదాని సాధించుట తగదు.

1757 జనవరి 24 నాఁటి యుద్ధమునఁ బేరుగన్న తాండ్ర పాపారాయుని జనులు 'బొబ్బిలిపులి' యందురు. నిర్వచనము సరియైనచో నందుఁ బులి రెండుమాఱులు వచ్చినది. అట్లు జోడించునాఁటికి మొదటిపులి జనుల చెవికి వినఁబడుట మానియుండవలెను.