పటం చేతబట్టుకుని గుట్ట తిరుగుదాం



మీ ఊరి పక్కన ఒక గుట్ట ఉందా? బండరాళ్ళు, తుమ్మ కంప, రేగు పొదలు, వాటి నడుమ మేకల బాట. మన బళ్ళారి ప్రాంతంలో చాలా ఊళ్ళకు ఇలాంటిది ఒకటి ఉంటుంది. ఆ గుట్టనే ఆటస్థలంగా చేసుకుని, పిల్లల చేతికి ఒక పటం, ఒక దిక్సూచి ఇచ్చి, గుర్తులు పెట్టిన చోట్లన్నీ వెతుక్కుంటూ తిరిగి రమ్మనే పోటీ ఒకటి ఉంది. దాన్ని ఓరియెంటీరింగ్ అంటారు. మనం పటం నడక అనుకుందాం. ఊరివాళ్ళ సాయంతో దాన్ని ఎలా జరుపుకోవచ్చో ఈ రోజు చెబుతాను.

ఈ ఆట స్వీడన్, నార్వే దేశాలలో పుట్టింది. మొదట సైనికుల శిక్షణలో భాగం. 1897లో నార్వేలో మామూలు జనం కోసం పోటీ జరిగింది. 1919లో స్వీడన్‌లో ఎర్న్‌స్ట్ కిల్లాండర్ అనే స్కౌట్ నాయకుడు స్టాక్‌హోమ్ దగ్గర జరిపిన పోటీతో దీనికి మంచి ప్రచారం వచ్చింది. 1961లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది.

ఆట పద్ధతి తేలిక. పటం మీద త్రికోణం ఉన్న చోట బయలుదేరాలి. అంకెలు వేసిన సున్నాలు ఉన్న చోట్లకు వరుసగా వెళ్ళాలి. రెండు సున్నాలు ఒకదానిలో ఒకటి ఉన్న చోట ముగించాలి. ప్రతి చోటా నారింజ, తెలుపు రంగుల గుడ్డ గుర్తు వేలాడుతుంది. మూడు ముఖాలు, ఒక్కొక్కటి 30 సెంటీమీటర్ల చదరం. ఇంట్లో పాత గుడ్డలతో కుట్టుకోవచ్చు. దాని పక్కనే దారానికి ఒక రంగు పెన్సిలు కట్టండి. ఒక్కో చోట ఒక్కో రంగు. పిల్లలు ఆ రంగుతో తమ చీటీ మీద గీత గీస్తే, అక్కడికి వచ్చినట్టు సాక్ష్యం.

పటం సంగతి వినండి. మామూలుగా దొరికే సర్వే పటం 1:50,000 కొలతలో ఉంటుంది. అంటే మన గుట్ట అందులో బొటనవేలి గోరంత. అందుకని మనమే గీసుకోవాలి. ఫోనులో కనిపించే ఉపగ్రహ చిత్రం మీద పలుచని కాగితం పెట్టి బాటలు, బండలు, వంకలు గీసుకుని, తరువాత స్వయంగా నడిచి సరిచూసుకోండి. ఒక సెంటీమీటరు 50 మీటర్లకు సమానమైతే పిల్లలకు సరిపోతుంది. 100 మీటర్లకు ఎన్ని అడుగులు పడతాయో ఎవరికి వారు ముందే లెక్క చూసుకోవాలి. దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన ప్రాంతంలో ఒకటి రెండు డిగ్రీల తేడానే. పిల్లల ఆటకు దాన్ని పట్టించుకోనక్కరలేదు. అయితే ఇనుప గేటు పక్కన, సైకిలు పక్కన నిలబడి దిక్సూచి చూడవద్దని చెప్పండి.

పటంలో రంగులకు అర్థం ఉంది. నీలం నీరు, నలుపు రాళ్ళు, పసుపు తెరిపి నేల, తెలుపు సులువుగా నడవగలిగిన అడవి, ఆకుపచ్చ దూరలేనంత పొద. మా బడిలో తెలుగు ఇళ్ళ పిల్లలూ ఉన్నారు, కన్నడ ఇళ్ళ పిల్లలూ ఉన్నారు. నేను రెండు భాషల్లోనూ పాఠం చెబుతాను. కానీ ఈ పటం దగ్గర ఆ అవసరం రాలేదు. దీనికి లిపి లేదు. అందుకే తెలుగు పిల్లనూ కన్నడ పిల్లనూ కలిపి జోడీ కట్టి పంపుతాం.

ఇక అనుమతి. రిజర్వు అడవి అయితే అటవీ శాఖను అడగకుండా అడుగు పెట్టవద్దు. ప్రభుత్వ బంజరు అయితే తహసీల్దారుకూ పంచాయతీకీ రాసి ఇవ్వండి. చేను అంచున దారి పోతుంటే ఆ రైతును ఇంటికి వెళ్ళి అడగండి. మన వైపు ఎలుగుబంట్లు ఉన్నాయని మీకు తెలుసు. వాటి కోసమే 1994లో దరోజి అభయారణ్యం ఏర్పడింది. అవి సాయంత్రం నుంచి తెల్లవారుజాము దాకా తిరుగుతాయి. అవి మసలే గుట్టల జోలికి పోకండి. ఎక్కడైనా సరే, ఉదయం ఏడున్నరకు మొదలుపెట్టి పదింటికి ముగించండి. చలికాలం మేలు.

గుట్ట ఎంచుకునే ముందు అక్కడ గొర్రెలు కాసే పెద్దాయనను వెంట తీసుకుని తిరగండి. పాడుబడ్డ బావి ఎక్కడుందో, నీళ్ళు నిలిచిన క్వారీ గుంట ఎక్కడుందో, పాముల పుట్ట ఎక్కడుందో ఆయనకు తెలిసినంత ఏ పటానికీ తెలియదు.

నలభై మంది పిల్లలు, అంటే ఇరవై జోడీలు ఉంటే పన్నెండు మంది పెద్దలు కావాలి. దారి గీసేవారు ఒకరు. ముందురోజు ఆ దారంతా నడిచి తప్పులు పట్టేవారు మరొకరు. గీసినవారే సరిచూడకూడదు. పేర్లు రాసుకోవడానికి ఇద్దరు, రెండేసి నిమిషాలకు ఒక జోడీని వదలడానికి ఒకరు, ప్రమాదకరమైన చోట్ల కాపలాకు ముగ్గురు, మంచినీళ్ళకూ ప్రథమ చికిత్సకూ ఇద్దరు, ముగింపు దగ్గర ఇద్దరు. ముగింపు దగ్గర ఎవరిని పెడతారో బాగా ఆలోచించి పెట్టండి. ఎందుకో చెబుతాను.

2017 డిసెంబరులో మేం మొదటిసారి ఈ పోటీ జరిపాం. బహుమతులు కూడా ఇచ్చేశాం. పదకొండు దాటాక చూస్తే ఒక జోడీ పేరు దగ్గర తిరిగివచ్చిన వేళ లేదు. గెలిచినవాళ్ళ వేళలే శ్రద్ధగా రాశాం, మిగతావాళ్ళ లెక్క ఎవరూ చూడలేదు. అందరం గుట్ట మీదికి పరుగెత్తాం. నేను క్వారీ గుంట అంచున నిలబడి నీళ్ళలోకి తొంగి చూశాను. ఆ క్షణం ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఇంతలో ఒక అవ్వ వచ్చి, "ఏందప్పా ఈ అరుపులు? పిల్లోళ్ళు మా ఇంట్లో బొరుగులు తింటా ఉంటేనూ" అంది. ఐదో గుర్తు దాకా వెళ్ళి, అలసిపోయి, ఆ పక్క వాలు దిగి ఇంటికి పోయారు. తప్పు పిల్లలది కాదు. ఆట మానేసినా ముగింపు దగ్గరికి వచ్చి చెప్పాలని నేను చెప్పలేదు.

అప్పటి నుంచి ఒక చెక్కపలక వాడుతున్నాం. దానికి ఇరవై మేకులు, ఒక్కో మేకుకు అంకె వేసిన బిళ్ళ. బయలుదేరే జోడీ తన బిళ్ళ తీసుకుపోతుంది. అన్ని గుర్తులూ దొరికినా దొరకకపోయినా తెచ్చి దాని మేకుకే తగిలించాలి. ఖాళీ మేకు కనిపిస్తే ఎవరో ఇంకా గుట్ట మీద ఉన్నట్టే. గుర్తులు విప్పడానికి వెళ్ళే పెద్దలకూ వేరే బిళ్ళలు ఉన్నాయి. పలక నిండేదాకా ఎవరూ ఇంటికి కదలరు, బహుమతులు ఇవ్వరు.

ప్రతి జోడీకీ ఒక ఈల, ఒక నీళ్ళ సీసా ఇవ్వండి. ఆపద వస్తే నిమిషంలో ఆరుసార్లు ఈల ఊది, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఊదాలి. అది విన్నవారు పోటీ వదిలేసి అటు వెళ్ళాలి. పదింటికి బడిగంట కొట్టించండి. గంట వినపడితే ఎక్కడున్నవారు అక్కడి నుంచి తిరిగి రావాలి. అరగంటలో పలక నిండకపోతే ముందు ఇంటికి ఫోను చేయండి, చివరిగా చూసిందెవరో అడగండి, ఇద్దరిద్దరుగా వెతకండి. ఆలస్యం చేయకుండా 112కు చెప్పండి.

ఎవరు ముందొచ్చారన్నది పిల్లల లెక్క. అందరూ వచ్చారా అన్నది మన లెక్క. ఆ లెక్క సరిగ్గా చూస్తామని తెలిస్తే తల్లిదండ్రులు మరుసటి ఏడు తామే పిల్లలను తీసుకొచ్చి దింపుతారు. మా ఊళ్ళో ఆ అవ్వ ఇప్పుడు ముగింపు దగ్గర కూర్చుని బిళ్ళలు అందుకుంటుంది. పక్కన బొరుగుల గంప ఉంటుంది.