సిరంజిలో నల్లముద్ద

"ఉసిరికాయలో విటమిన్ సి ఉందన్నారు. తిన్నాక మన రక్తంలో అది ఎంతుందో ఎలా తెలుస్తుంది సార్?" అని తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. మర్నాడు సూది లేని సిరంజి ఒకటి క్లాసుకు పట్టుకెళ్లాను. గ్రాఫైట్ పొడిలో కాస్త పారఫిన్ నూనె పోసి కల్వంలో మెత్తగా నూరి, ఆ నల్లముద్దను సిరంజి కొసదాకా కూరి, అందులోకి రాగితీగ గుచ్చాను. అదే నా ఎలక్ట్రోడు.

విటమిన్ సి ఒక యాంటీఆక్సిడెంట్. పేరు పెద్దదే గాని, అది చేసేది ముఖ్యంగా దానం. ఎలక్ట్రాన్ కోసం వెతుకుతూ తిరిగే ఫ్రీ రాడికల్ వచ్చి కణం మీద పడేలోగా తన ఎలక్ట్రాన్ ఇచ్చి దాన్ని చల్లబరుస్తుంది. ఎలక్ట్రోడు కూడా ఆ ఫ్రీ రాడికల్ లాగే చెయ్యి చాపుతుంది. వోల్టేజిని మెల్లమెల్లగా పెంచుతూ పోతే, ధారాళంగా ఇచ్చే అణువు ముందే ఇచ్చేస్తుంది, పిసినారి అణువు గట్టిగా అడిగితే గాని ఇవ్వదు. ఏ వోల్టేజి దగ్గర కరెంటు లేచిందో చూసి అది ఏ అణువో పోల్చుకోవచ్చు. ఎంత ఎత్తుకు లేచిందో చూసి ఎంతుందో లెక్కగట్టవచ్చు. విటమిన్ సి అణువైతే రెండేసి ఎలక్ట్రాన్లు ఇస్తుంది.

ఈ లెక్కల విద్యకు ప్రాగ్‌లో 1922లో యారొస్లావ్ హెయిరోవ్‌స్కీ పునాది వేశాడు. ఆయన ఎలక్ట్రోడు సన్నని గొట్టంలోంచి రాలే పాదరసం చుక్క. చుక్క చుక్కకీ మరక లేని కొత్త ముఖం! 1959లో నోబెల్ వచ్చింది. కాని వోల్టేజిని ప్లస్ వైపు పెంచితే కాసేపటికే పాదరసం తానే ఎలక్ట్రాన్లు వదలడం మొదలుపెడుతుంది. దానాలు లెక్క రాయాల్సినవాడే దానాలు చేస్తుంటే ఇక లెక్కేముంది?

అమెరికాలో కాన్సాస్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ ఆడమ్స్ పాదరసం బదులు కార్బన్‌నే చుక్కలుగా రాల్చాలనుకున్నాడు. గ్రాఫైట్ పొడిని ద్రవంలో కలిపి చూశారు, కుదరలేదు. చిక్కగా కలిపిన ముద్ద మాత్రం అద్భుతంగా పనిచేసింది. 1958లో దాన్ని ప్రకటించాడు. నాకు ఇందులో ప్రాణం లాంటి సంగతి ఒకటుంది. ముద్ద ముఖం మురికిపడితే పిస్టన్ కాస్త నొక్కి, బయటికొచ్చిన మొనను నున్నటి కాగితం మీద రుద్దితే చాలు. చుక్క రాలకుండానే కొత్త ముఖం! క్లాసులో ఉప్పునీళ్లలో సిరంజి, పెన్సిల్ ములుకు ముంచి, ఒక బ్యాటరీ, రేడియో వాల్యూమ్ కంట్రోల్, మైక్రోఆమీటర్ కలిపాం. విటమిన్ సి బిళ్ల కరిగించిన నీళ్లు రెండు చుక్కలు వేయగానే ముల్లు లేచింది. (ఉసిరిరసం వాడలేదు. అందులోని టానిన్లు కూడా ఎలక్ట్రాన్లు ఇచ్చి లెక్క తప్పిస్తాయి.) నాలుగైదుసార్లకు ముల్లు మందగించింది. ఆ అమ్మాయే పాత క్యాలెండర్ కాగితం మీద మొన రుద్దింది. ముల్లు మళ్లీ హుషారుగా లేచింది.

1973లో ఆడమ్స్ బృందం ఇలాంటి ముద్దనే సన్నగా చేసి ఎలుక మెదడులో పెట్టింది. వాళ్లు వెతికింది మెదడులో సందేశాలు మోసే డోపమైన్ కోసం. తీరా దొరికిన కరెంటులో ఎక్కువ భాగం విటమిన్ సిది! రెండూ దాదాపు ఒకే వోల్టేజి దగ్గర ఇస్తాయి, పైగా మెదడులో విటమిన్ సి వేల రెట్లు ఎక్కువ. తర్వాత ఫ్రాన్స్‌లో గోనోన్ అనే శాస్త్రవేత్త కార్బన్ పోగును విద్యుత్తుతో శుద్ధిచేసి రెండింటి కరెంటు శిఖరాలనూ విడదీశాడు. ఇంకొందరు ఎలక్ట్రోడుకు నాఫియాన్ అనే పాలిమర్ పూత పూశారు. పూతది రుణావేశం, ఒంట్లో విటమిన్ సిది కూడా రుణావేశమే, కాబట్టి గడప దగ్గరే ఆగిపోతుంది.

రక్తం సంగతికొస్తే, జెరూసలేంలో రాన్ కోహెన్ వంటివాళ్లు ప్లాస్మాలో వోల్టేజి పెంచి చూస్తే, మొదటి అలలోనే విటమిన్ సి, యూరిక్ ఆమ్లం కలిసి వచ్చాయి. వాటిని విడదీయడానికి ఒక ఉపాయముంది. విటమిన్ సిని మాత్రమే తినేసే ఎంజైము ఒకటి వేసి మళ్లీ కొలుస్తారు. తగ్గినంతా విటమిన్ సి. ఆ ఎంజైము దోసకాయలో, గుమ్మడికాయలో ఉంటుందని చెప్పగానే ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"అయితే రేపు దోసకాయ తెస్తాను సార్."