షుగర్ బియ్యం ముచ్చట: గింజల పిండిని ఎవరు మారుస్తున్నరు, పైసలు ఎవరికి పోతున్నయి?

మా హయత్‌నగర్ల బియ్యం దుకాణంల అడిగితే "షుగర్ ఉన్నోళ్లు తినే బియ్యం" అని ఓ బస్తా చూపెడతరు. రేటు జర ఎక్కువే చెప్తరు. తమ్మీ, చెల్లె, ఆ బస్తా మీద మనం రెండు సవాళ్లు అడగాలె. ఆ గింజల నిజంగ ఏం మారింది? ఎక్కువ రేటుల రైతు వాటా ఎంత?

ముందుగాల గింజ సంగతి చూద్దాం. బియ్యంల ముప్పావు వంతుకు పైనే పిండి పదార్థం, అంటే స్టార్చ్. గిది రెండు తీర్లుంటది. ఒకటి అమైలోజ్, పొడుగు దారం లెక్క. రెండోది అమైలోపెక్టిన్, తుమ్మచెట్టు లెక్క కొమ్మలు కొమ్మలు. కొమ్మలున్న పిండిని కడుపుల రసాలు జల్ది తెంపుతయి, రక్తంల చక్కెర గుప్పున ఎక్కుతది. దారం తీరుది దగ్గరికి బిగిసి ఉంటది, తెగుడు ఆలస్యమైతది. అమైలోజ్ ఎక్కువుంటే అన్నం పొడిపొడిగ అయితది, తక్కువుంటే ముద్దయితది. సల్లారిన సద్దన్నంల ఆ దారాలు మళ్ల బిగుసుకుంటయి, గందుకే అది వేడి బువ్వ కన్న జర నిదానంగ అరుగుతది.

చక్కెర ఎంత జల్ది ఎక్కుతదో చెప్పే లెక్కనే గ్లైసిమిక్ ఇండెక్స్. 55, అంతకన్న తక్కువైతే తక్కువ కింద లెక్క. 70, అంతకన్న ఎక్కువైతే ఎక్కువ కింద లెక్క.

ఇగ మన ఇంటి ముచ్చట. తెలంగాణ సోన, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048. రాజేంద్రనగర్ల మన వ్యవసాయ యూనివర్సిటీ సైంటిస్టులు ఎంటీయూ 1010ని, జగిత్యాల రకం జేజీఎల్ 3855ని కలిపి తీసి, 2015ల విడుదల చేసిన్రు. సుమారు 125 రోజుల పంట. దీని ఇండెక్స్ 51 చిల్లర అని లెక్క తేలింది. దీంట్ల జన్యువును కోసింది లేదు, అతికింది లేదు. మన తాతలు మంచి కంకి చూసి విత్తనం తీసిన పనినే వీళ్లు పద్ధతి ప్రకారం చేసిన్రు.

గింజల పిండి మార్చుడు కొత్త ముచ్చట కాదు. మెండెల్ పరీక్ష చేసిన ముడతల బఠానీ గింజ యాదికుందా? పిండికి కొమ్మలేసే ఎంజైమ్ జన్యువు చెడిపోయి ఆ గింజకు ముడతలొచ్చినయని 1990ల తేలింది. అసొంటి మార్పే ఉన్న ఐఆర్36 రకాన్ని మన సాంబ మసూరితోని కలిపిన్రు ఫిలిప్పీన్స్‌ల ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థోళ్లు. ఇండెక్స్ 45 కన్న తక్కువున్న, ప్రొటీన్ ఎక్కువున్న వరుసలు వచ్చినయని 2024ల చెప్పిన్రు. గది కూడా సంకరమే.

జన్యు మార్పిడి తొవ్వ వేరు. బీఏఎస్‌ఎఫ్ కంపెనీ అమైలోజ్ తయారీని బంద్ పెట్టి ఆమ్‌ఫ్లోరా అనే ఆలుగడ్డ తీసింది. అది ఫ్యాక్టరీల గంజి పిండి కోసం. యూరప్‌ల 2010ల పర్మిషన్ దొరికింది. జనం ఒప్పుకోలే, 2012ల కంపెనీయే ఎనక్కి తీసుకున్నది.

మూడో తొవ్వ జన్యు ఎడిటింగ్. బయటి జన్యువు పెట్టకుండ, ఉన్నదాన్నే సన్నగ కత్తిరించుడు. బయటి జన్యువు మిగలని రకాలకు కేంద్రం 2022ల కఠిన నిబంధనలు సడలించింది. 2025 మే 4న సాంబ మసూరిని ఎడిట్ చేసిన 'కమల' రకాన్ని ప్రకటించిన్రు. తీసింది మన రాజేంద్రనగర్‌ల ఉన్న వరి పరిశోధన సంస్థే. అది పిండి కోసం కాదు, కంకికి గింజలు పెంచెతందుకు. కానీ అదే కత్తెర రేపు పిండి జన్యువు మీదికి కూడా పోతది.

నేను సైన్స్‌కు అడ్డం కాదు. నాకు గుబులంత ఆ కత్తెర పేటెంట్ల మీదనే. అవి ఎక్కువగ బయటి దేశాల యూనివర్సిటీలు, కంపెనీల చేతుల ఉన్నయి. మన సాంబ మసూరి మీద పని చేసి, విత్తనం మనకే అమ్మే రోజు రావొద్దు. దాచుకున్న విత్తనం ఏసుకునే, పక్క రైతుతోని మార్చుకునే, బ్రాండ్ లేకుండ అమ్ముకునే హక్కు 2001 చట్టం రైతుకు ఇచ్చింది. ఎడిట్ చేసిన రకానికి కూడా ఆ హక్కు చెక్కుచెదరొద్దు.

ఇంకో మాట. బస్తా మీద "షుగర్ బియ్యం" అని రాస్తే సరిపోదు. తెల్లగ పాలిష్ పట్టిన తీరును, వండిన తీరును బట్టి ఆ లెక్క మారుతది. ఇండెక్స్ తక్కువున్నదని రెండు పళ్లాలు తింటే చక్కెర పెరుగకుండ ఉంటదా? అమ్మానాయినల గోలీలు బంద్ పెట్టియ్యకున్రి, డాక్టర్‌ను అడుగున్రి.

సన్నాలకు సర్కారు క్వింటాలుకు 500 బోనస్ పెట్టింది, మంచిదే. కానీ దుకాణంల గుణం పేరు చెప్పి అమ్ముతున్నప్పుడు, కల్లం కాడ ఆ గుణానికి ధర ఎందుకు కట్టరు? బస్తా మీద రకం పేరు, పరీక్ష చేసిన లెక్క రాయాలె. రైతు సంఘాలే మిల్లు పట్టి సొంత పేరుతోని అమ్ముకునే తొవ్వ సర్కారు చూపెట్టాలె. ఫోన్ చేతుల ఉన్న మీరే ముందల పడాలె: విత్తనం కొన్నప్పుడు రకం పేరున్న రసీదు అడుగున్రి, బియ్యం కొన్నప్పుడు పరీక్ష కాయితం అడుగున్రి.