బస్సూన్ వాయిస్తే ఐవీ లీగ్‌లో సీటు ఖాయమా?

అమెరికాలో తెలుగువాళ్లు నలుగురు కలిసిన చోట పిల్లల కాలేజీల ఊసు రాకుండా భోజనాలు పూర్తికావు. ఈమధ్య ఆ కబుర్లలోకి బస్సూన్, ఓబో, వయోలా వంటి పేర్లు కూడా వచ్చాయి. "వయోలిన్ వాయించేవాళ్లు వీధికి పదిమంది. మీవాణ్ని బస్సూన్‌కి మార్చండి, హార్వర్డ్ వాళ్లే పిలిచి సీటిస్తారు" అని ఎవరో ఒకరు సలహా పారేస్తారు. అందులో నిజం పావలా, ఊహ ముప్పావలా.

అపోహ: అరుదైన వాద్యం వస్తే అడ్మిషన్ వచ్చినట్టే.

వాస్తవం: ముందు ఆ పావలా సంగతి. సింఫనీ ఆర్కెస్ట్రాలో వయోలిన్లు ఇరవై, ముప్ఫై దాకా ఉంటాయి. బస్సూన్లు రెండు, మహా అయితే మూడో నాలుగో. కానీ ఆ రెండూ లేకపోతే బీథోవెన్ సింఫనీల్లో ఒక్కటి కూడా రాసింది రాసినట్టు వాయించలేరు. కాబట్టి కాలేజీకి అవసరం ఉన్నమాట నిజమే. అయితే ఆ అవసరం రెండు కుర్చీల మేరకే. ఈ ఏడు ఫస్టియర్‌లో ఇద్దరు మంచి బస్సూన్ విద్యార్థులు చేరారంటే, వాళ్లు పట్టా పుచ్చుకుని వెళ్లేదాకా ఆ కుర్చీలకు పెద్దగా గిరాకీ ఉండదు. ఎక్కడ ఏ ఏడు ఖాళీ పడుతుందో ఏ కాలేజీ చాటింపు వేయదు.

పైగా సీట్లు ఇచ్చేది ఆర్కెస్ట్రా కండక్టర్ కాదు. ఐవీ లీగ్‌లో ఆటల కోచ్‌లు తమకు కావలసిన క్రీడాకారుల పేర్లు అడ్మిషన్ల ఆఫీసుకు ఇచ్చి గట్టిగా పట్టుబట్టగలరు. సంగీతానికి అంత పట్టు లేదు. చాలాచోట్ల విద్యార్థి దరఖాస్తుతో పంపిన రికార్డింగ్‌ను సంగీత విభాగం అధ్యాపకులు విని అభిప్రాయం రాస్తారు. మార్కులూ, వ్యాసాలూ, సిఫారసు లేఖలూ పక్కన పెట్టుకుని చివరిమాట చెప్పేది అడ్మిషన్ల ఆఫీసే.

అపోహ: పోటీ తక్కువ కాబట్టి ఓ మోస్తరుగా వాయిస్తే చాలు.

వాస్తవం: బస్సూన్‌ని ఒకసారి దగ్గరగా చూడండి. సుమారు ఎనిమిది అడుగుల గొట్టాన్ని మధ్యకు మడిచి నిలబెట్టినట్టు ఉంటుంది. ఎడమచేతి బొటనవేలు ఒక్కటే తొమ్మిది మీటల దాకా చూసుకోవాలి. నోట్లో పెట్టుకునే రీడ్ మన సన్నాయి పీక లాంటిదే, రెల్లు కాడను చెక్కి, రెండు రేకులుగా కట్టింది. ఆ రీడ్ కొన్నాళ్లకే మెత్తబడిపోతుంది. గాలిలో తేమ మారితే పలుకు మారుతుంది. అందుకే పట్టుదల గల పిల్లలు చాకుతో రీడ్లు చెక్కుకోవడమూ నేర్చుకుంటారు. మోట్సార్ట్ పద్దెనిమిదేళ్ల వయసులో, 1774లో, బస్సూన్ కచేరీ కృతి ఒకటి రాశాడు. నేటికీ ఆడిషన్లలో అడిగేది ఎక్కువగా అదే. వినే ప్రొఫెసర్‌కు అది కంఠతా వచ్చు. శ్రుతి ఎక్కడ జారిందో మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది.

అపోహ: పదో తరగతిలో వయోలిన్ మానేసి మారినా సరిపోతుంది.

వాస్తవం: చేతులు ఎదగాలి కాబట్టి బస్సూన్ చాలామంది పదకొండు, పన్నెండేళ్లకు గాని పట్టుకోరు. క్లారినెట్ నుంచో శాక్సఫోన్ నుంచో వచ్చేవాళ్లూ ఎక్కువే. కానీ పదిలో మారితే, పన్నెండో తరగతి మొదట్లో రికార్డింగ్ పంపే వేళకు చేతిలో ఉండేది రెండేళ్ల సాధన. దానికోసం పదేళ్ల వయోలిన్ సాధనను అటకెక్కించడం తెలివైన బేరం కాదని నా అభిప్రాయం. ఖర్చూ తక్కువేం కాదు. విద్యార్థుల రకం కొత్త బస్సూనే వేల డాలర్లలో ఉంటుంది. చాలా బడులు అరువిస్తాయి, కొనేముందు బ్యాండ్ టీచర్‌ని అడగండి.

అపోహ: వీణ, మృదంగం లాంటివి అక్కడ లెక్కలోకి రావు.

వాస్తవం: వస్తాయి. కనెక్టికట్‌లోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో 1960ల నుంచీ కర్ణాటక సంగీతం నేర్పుతున్నారు. అయితే చాలా కాలేజీల్లో వీణ తెలిసిన అధ్యాపకులు ఉండరు. రికార్డింగ్ వినేది పాశ్చాత్య సంగీత నిపుణులే కావచ్చు. ఆలాపన, కల్పనస్వరాలు అప్పటికప్పుడు పుట్టేవని వాళ్లకు తెలియకపోతే, మీ అమ్మాయి బట్టీపట్టి వాయించిందనుకుంటారు! ఆమె ప్రతిభలో సగం అక్కడే మాయమవుతుంది. అందుకని రాగం, తాళం, ఏ భాగం మనోధర్మమో రెండు మూడు వాక్యాల్లో రాయాలి. గంటన్నర కచేరీ మొత్తం పంపితే వినే ఓపిక ఎవరికీ ఉండదు. పది నిమిషాలకు మించకుండా, అతికింపులు లేకుండా ఉండాలి.

అపోహ: సంగీతం మేజర్‌గా తీసుకోకపోతే వాద్యం వల్ల ఉపయోగం లేదు.

వాస్తవం: కాలేజీ ఆర్కెస్ట్రాలు వేరే చదువులు చదివేవాళ్లతోనే నిండి ఉంటాయి. రెండూ కావాలంటే ఓబర్లిన్ విద్యాసంస్థలో కాలేజీ, కన్సర్వేటరీ (సంగీత కళాశాల) పట్టాలు రెండూ ఐదేళ్లలో చేయవచ్చు. కన్సర్వేటరీకి ఆడిషన్ మాత్రం విడిగా నెగ్గాలి.

అపోహ: మంచి వాద్యకారులకు ఐవీ లీగ్ స్కాలర్‌షిప్ ఇస్తుంది.

వాస్తవం: ఇవ్వదు. ఆ ఎనిమిది విద్యాసంస్థల్లో ప్రతిభను బట్టి సాయం లేదు, కుటుంబ ఆదాయాన్ని బట్టే. సంగీతానికే డబ్బిచ్చే చోటు కావాలంటే సంగీత కళాశాలలను చూడండి. ఫిలడెల్ఫియాలోని కర్టిస్ ఇన్‌స్టిట్యూట్‌లో 1928 నుంచీ ఎవరికీ ట్యూషన్ ఫీజు లేదు. అక్కడ సీటు దొరకడం ఐవీ కంటే కష్టమనుకోండి, అది వేరే సంగతి.

అపోహ: రికార్డింగ్ పంపితే పోయేదేముంది?

వాస్తవం: పంపడం తప్పనిసరి కాదు. సాదాసీదా రికార్డింగ్ వల్ల దరఖాస్తుకు బలం చేకూరదు. పిల్లల్ని మెచ్చుకునే బంధువులను కాకుండా, గురువునే సూటిగా అడగండి: ఇది పంపదగ్గదేనా? ఔనంటే ఆగస్టులోనే ఒక్కో కాలేజీ నిబంధనలు విడివిడిగా చదవండి. రికార్డింగ్ గడువూ దరఖాస్తు గడువూ అన్నిచోట్లా ఒకే రోజు ఉండవు.